తాండూరు హైస్కూలుకు టీచరు ఏ దారిన రావాలి?

పదో తరగతి ఫలితాల జిల్లా జాబితాలో వికారాబాద్ వరుసగా మూడేళ్లు అట్టడుగున నిలిచింది. ఉత్తీర్ణత 2023లో 59.46 శాతం, 2024లో 65.10 శాతం, 2025లో 73.97 శాతం. ఆ మూడేళ్లలో రాష్ట్ర సగటు 86.60, 91.31, 92.78. ఏటా అంకె పెరిగింది, స్థానం మాత్రం కదలలేదు. ఇలాంటి జిల్లాలో హైస్కూలు టీచరును ఏ అర్హతతో, ఏ మార్గంలో తీసుకోవాలన్నది ఉద్యోగార్థులకు, విద్యాశాఖకు మధ్య గొడవగా మిగిలిపోకూడదు. తాండూరు దగ్గరి బషీరాబాద్‌లోనో పెద్దేముల్‌లోనో పదో తరగతి పిల్లకు త్రికోణమితి చెప్పే మనిషి ఉంటారా, ఉంటే ఎన్నాళ్లుంటారు అన్నది కూడా ఈ ప్రశ్నలోనే ఉంది.

చర్చ మాత్రం బాగా చిక్కుపడింది. కాలేజీకి వెళ్లి బీఈడీ చేసినవారు, దూరవిద్యలో చేసినవారు, సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ)గా చేరి పదోన్నతిపై వచ్చినవారు, విద్యా వలంటీర్లుగా ఏళ్లు గడిపినవారు, ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పుట్టకముందే సర్వీసులో చేరినవారు అందరూ ఉన్నారు. ఒక్కో వర్గానికి ఒక్కో సంఘం, ఒక్కో జీవో, ఒక్కో కోర్టు తీర్పు అండగా ఉన్నాయి. ఎవరి వాదన వింటే వారిదే న్యాయమనిపిస్తుంది. ఈ వాదనలన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే నాకు తేలేది ఇది: ఏ దారిన వచ్చారన్నది మనం అనుకున్నంతగా బోధనను నిర్ణయించదు. వచ్చిన తర్వాత తొలి రెండేళ్లు ఎవరు వెన్నంటి ఉన్నారు, ఏ సబ్జెక్టు అప్పగించారు, ఆ ఊళ్లో ఎంతకాలం నిలిచారు అన్నవే ఎక్కువగా నిర్ణయిస్తాయి. మన పక్కదారుల అసలు లోపం సులువుగా ఉండటంలో లేదు, ఎక్కడికీ చేరకపోవడంలో ఉంది.

రాజమార్గం, దాని పక్కన పుట్టినవి

రాజమార్గం చెప్పుకోవడానికి సూటిగానే ఉంటుంది. డిగ్రీ, ప్రవేశానికి ఎడ్‌సెట్, బీఈడీ, టెట్, ఆపైన నియామకానికి డీఎస్సీ. విద్యాహక్కు చట్టం వచ్చాక జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి టెట్‌ను తప్పనిసరి చేసింది. తొమ్మిది, పది తరగతులకు 2014 నవంబరు నాటి నిబంధనలు డిగ్రీ, బీఈడీ అడుగుతాయి తప్ప టెట్ అడగవు. అయితే మన స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచరు) ఆరు నుంచి పది దాకా చెబుతారు కాబట్టి టెట్ రెండో పేపరు రాయక తప్పదు. డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. 2015 వరకు ఏడాదిలో ముగిసిన బీఈడీ అప్పటి నుంచి రెండేళ్లయింది.

నిజానికి స్కూల్ అసిస్టెంట్లలో ఎక్కువమంది ఈ మార్గంలో రారు. ఆ పోస్టుల్లో 70 శాతం పదోన్నతులకు, 30 శాతమే నేరుగా నియామకానికి. ఉమ్మడి రంగారెడ్డి జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) వికారాబాద్‌లోనే ఉంది. ఇంటర్ కాగానే అక్కడ డిప్లొమా (డీఈడీ) చేసి, ఎస్‌జీటీగా చేరి, సర్వీసులో ఉండగానే డిగ్రీ, ఆపైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో బీఈడీ పూర్తిచేసి, సీనియారిటీ వరకు ఆగి హైస్కూలుకు చేరడం ఇక్కడివారికి చాలాకాలంగా తెలిసిన మార్గం. పేరుకు పక్కదారి గాని, జనం నడిచిందంతా దీని మీదే. దూరవిద్య బీఈడీ అనగానే చులకనగా చూసేవారు ఒక సంగతి గమనించాలి. నేటి నిబంధనల ప్రకారం ఆ సీటు ఇప్పటికే ప్రాథమిక స్థాయి శిక్షణ పొందినవారికే దక్కుతుంది. డిగ్రీ పట్టుకుని ఎవరుబడితే వారు కరస్పాండెన్స్‌లో బీఈడీ తెచ్చుకున్న రోజులు పోయాయి.

మూడో రకం దారి విధానంగా పుట్టలేదు, కొరతలోంచి పుట్టింది. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టుకుంది. వారు తర్వాత రెగ్యులర్ అయ్యారు గాని ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం దశాబ్దాలు పోరాడారు. ‘398 టీచర్లు’ అన్న మాట ఇప్పటికీ సంఘాల నోట ఉంది. తర్వాత విద్యా వలంటీర్లు వచ్చారు. తెలంగాణలో వారికి నెలకు 12,000 రూపాయలు ఇచ్చేవారు. బీఈడీ, టెట్ ఉన్నవారూ వారిలో ఉన్నారు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వారిని మళ్లీ తీసుకోలేదు. ఇంకో వింత 2008 డీఎస్సీది. ఎస్‌జీటీ పోస్టులకు బీఈడీ వారూ అర్హులేనని మొదట చెప్పి, ఆ తర్వాత 30 శాతం పోస్టులు డీఈడీ వారికి కేటాయించడంతో మెరుగైన ర్యాంకు వచ్చిన బీఈడీ అభ్యర్థులు నష్టపోయారు. తెలంగాణలో వారికి 2025 ఫిబ్రవరిలో, అదీ కోర్టుల చుట్టూ తిరిగాక, కాంట్రాక్టు ఎస్‌జీటీ కొలువులు దక్కాయి. పాతికేళ్ల వయసులో పరీక్ష రాసినవారు నలభై దాటాక ప్రభుత్వ బడిలో అడుగుపెట్టారు.

ఇవన్నీ ఎందుకు పుట్టాయో తెలియాలంటే నియామకాల తేదీలు చాలు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 డీఎస్సీ, తెలంగాణ వచ్చాక 2017లో 8,792 పోస్టులతో ఉపాధ్యాయ నియామక పరీక్ష (టీఆర్‌టీ), ఆపైన 2024 డీఎస్సీ. 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయి, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులకు కొత్తది వచ్చింది. వాటిలో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 2,629. ఐదేళ్లకోసారి, ఏడేళ్లకోసారి తెరిచే తలుపును రాజమార్గం అనడమే కష్టం. మధ్యలో పిల్లలు ఆగరు గదా! ఆ ఖాళీని వలంటీరు, సర్దుబాటు, డిప్యుటేషన్ నింపాయి.

మూడు వాదనలు

మొదటి వాదన వృత్తి గౌరవానిది. వైద్యానికీ న్యాయవాద వృత్తికీ అడ్డదారులు ఒప్పుకోని సమాజం బోధనకు ఎందుకు ఒప్పుకుంటుందని వీరు అడుగుతారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఉపాధ్యాయ శిక్షణ ఎంత నాసిరకంగా ఉందో బయటపెట్టింది. బీఈడీ రెండేళ్లు కావడం దాని ఫలితమే. ఇంటర్ తర్వాత సబ్జెక్టు, బోధన కలిపి నాలుగేళ్లు నేర్పడం ఈ వాదనకు ఆదర్శ రూపం. మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ దశాబ్దాలుగా చేస్తున్నదదే. 2020 జాతీయ విద్యావిధానం దాన్నే 2030 నాటికి కనీస అర్హతగా చూపింది. 2023-24లో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ నాలుగేళ్ల కోర్సు హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. ఈ వాదనలో బలం కాదనలేనిది. కాని ఇందులో ఒక దాటవేత ఉంది. దేశంలో శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటు చేతుల్లో ఉన్నాయి. హాజరు లేకుండా, టీచింగ్ ప్రాక్టీసు కాగితం మీదే ముగించి పట్టా ఇచ్చే కాలేజీ ఏడాదికి బదులు రెండేళ్లు తీసుకుంటే పెరిగేది ఫీజే.

రెండో వాదన సబ్జెక్టుది. గణితం, భౌతికశాస్త్రం గట్టిగా వచ్చినవారిని ముందు బడికి రానివ్వండి, బోధనా పద్ధతులు పని చేస్తూ నేర్చుకుంటారు అన్నది దీని సారం. అమెరికాలో న్యూజెర్సీ 1984లో ఇలాంటి మార్గం తెరిచింది. టీచ్ ఫర్ అమెరికా, బ్రిటన్‌లో టీచ్ ఫస్ట్, మన దేశంలో 2009 నుంచి టీచ్ ఫర్ ఇండియా ఆ కోవలోనివే. ఇక్కడ దీనికి మెత్తటి రూపాలూ ఉన్నాయి. బీటెక్ చదివినవారిని బీఈడీకి అనుమతించడం ఒకటి. పీజీ చేసినవారికి ఏడాది బీఈడీ తిరిగి తెస్తామని 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ ముసాయిదాలో చెప్పడం ఇంకొకటి. మూడో వాదన అనుభవానిది. ఏళ్ల తరబడి మీ బడి నడిపిన మనిషిని, పరీక్ష రోజున పక్క జిల్లా కోచింగ్ సెంటర్ నుంచి వచ్చిన మనిషితో సమానంగా చూడటం అన్యాయమని వలంటీర్లు, కాంట్రాక్టు టీచర్లు అంటారు.

మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతోందని తెలుస్తుంది. మొదటిది ‘ఎలా నేర్పాలో తెలుసా’ అని అడుగుతుంది, రెండోది ‘ఏం నేర్పాలో తెలుసా’ అంటుంది, మూడోది ‘ఇక్కడి పిల్లలు తెలుసా’ అంటుంది. మంచి హైస్కూలు టీచరుకు మూడూ కావాలి. మన అర్హతా విధానం మాత్రం మొదటిదాన్ని పట్టా చూసి ఒప్పుకుంటుంది, రెండోదాన్ని బహుళైచ్ఛిక ప్రశ్నలతో కొలుస్తుంది, మూడోదాన్ని అసలు అడగదు. రెండోదాన్ని కొలిచే తీరూ అంతంత మాత్రమే. టెట్ రెండో పేపరులో గణితం, సైన్సు కలిపి 60 మార్కులు. గణిత టీచరు జీవశాస్త్రం ప్రశ్నలు, జీవశాస్త్ర టీచరు గణితం ప్రశ్నలు రాస్తారు. తెలుగు, హిందీ పండితులైతే గణితం-సైన్సో సాంఘికశాస్త్రమో ఎంచుకోవాలి. తమకు వేరే పేపరు కావాలని వారు అడగడంలో తప్పేమీ లేదు.

అధ్యయనాలు ఎంతవరకు తోడొస్తాయి

మనకు దగ్గరి సాక్ష్యం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దొరుకుతుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ ప్రాంతంలో యాదృచ్ఛికంగా ఎంచిన 100 ప్రాథమిక పాఠశాలలకు ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచరును ఇప్పించి రెండేళ్లు గమనించారు. ఆ బడుల పిల్లలు గణితంలో, భాషలో మిగతావారికన్నా స్పష్టంగా ముందుకెళ్లారు. రెగ్యులర్ టీచర్ల గైర్హాజరు 27 శాతం ఉంటే కాంట్రాక్టు వారిది 18 శాతం. వారి జీతం రెగ్యులర్ వారి జీతంలో అయిదో వంతు. దీన్ని చూపి ‘శిక్షణ దండగ, కాంట్రాక్టే మేలు’ అన్నవారున్నారు. అది తొందరపాటు. అదనపు మనిషి వచ్చాడంటే తరగతిలో పిల్లల సంఖ్య తగ్గిందని అర్థం, ఫలితంలో ఆ వాటా ఉంది. పైగా అది ప్రాథమిక స్థాయి. కూడికలు, చదవడం నేర్పగలిగిన మనిషి పదో తరగతి భౌతికశాస్త్రం చెప్పగలరని దాన్నుంచి తేల్చలేం. ఊళ్లో ఉండే మనిషి బడికి ఎక్కువ వస్తారన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి.

హైస్కూలుకు నేరుగా తగిలే అధ్యయనం అమెరికాది. మ్యాథమెటికా పరిశోధన సంస్థ 2013లో సెకండరీ గణిత టీచర్లను పోల్చింది. టీచ్ ఫర్ అమెరికా ద్వారా వచ్చినవారి విద్యార్థులు కాస్త మెరుగ్గా ఉన్నారు. అలాంటిదే అయిన టీచింగ్ ఫెలోస్ మార్గంలో వచ్చినవారికి, మామూలు మార్గంలో వచ్చినవారికి మొత్తమ్మీద తేడా కనిపించలేదు. అంతకుముందు 2008లో థామస్ కేన్, జోనా రాకాఫ్, డగ్లస్ స్టైగర్ న్యూయార్క్ నగర బడుల మీద చేసిన పని ఇంకా ముఖ్యమైనది. వేర్వేరు ధ్రువీకరణ మార్గాల సగటుల మధ్య తేడా చాలా చిన్నది. ఒకే మార్గంలో వచ్చిన టీచర్ల మధ్య తేడా చాలా పెద్దది. అంటే దారిని చూసి మనిషిని అంచనా వేయలేం. మార్గాల మీద మనం పెడుతున్న పోరాటంలో సగం, వచ్చినవారు తొలి ఏళ్లలో ఎలా చెబుతున్నారో చూడటం మీద పెట్టి ఉంటే బడులకు ఎక్కువ మేలు జరిగేది. టీచ్ ఫర్ అమెరికాలో చేరేవారు రెండేళ్లకే ఒప్పందం చేసుకుంటారన్నదీ మరవరాదు. రెండేళ్లకోసారి మనుషులు మారే పద్ధతి మన మారుమూల మండలాలకు నప్పదు.

తాండూరు వైపు నుంచి చూస్తే

వికారాబాద్ జిల్లాలోని తాండూరు నాపరాయికి, కందికి పేరుపడ్డ ఊరు. సిమెంటు కర్మాగారాలున్నాయి, సరిహద్దు దాటితే కలబురిగి జిల్లా. ఇళ్లలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ వినిపిస్తాయి. వాడి వైపు వెళ్లే రైలుమార్గం ఊరిని హైదరాబాద్‌తో కలుపుతుంది. ఆ రైలే బడికి చిక్కు తెచ్చింది. వందకు పైగా కిలోమీటర్ల అవతల నగరంలో కాపురం ఉండి రోజూ వచ్చిపోవడానికి వీలుంది కాబట్టి, టీచరు ఊళ్లో నిలవాల్సిన అవసరం తగ్గింది.

స్థానికత నిబంధన ఈ లోటు తీరుస్తుందని అనుకుంటాం. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం టీచరు పోస్టులు జిల్లా కేడర్, 95 శాతం స్థానికులకు. కాని ఆ ‘స్థానికం’ జిల్లా మొత్తానిది. హైదరాబాద్‌కు ఆనుకున్నట్టుండే పూడూరు, నవాబుపేట వారూ, కర్ణాటక అంచున ఉన్న బషీరాబాద్ వారూ ఒకే లెక్క. జిల్లా 2016 అక్టోబరులో పుట్టినా 2017 టీఆర్‌టీని 31 జిల్లాల ప్రకారం కాక పాత పది జిల్లాల ప్రకారమే జరపాలని హైకోర్టు ఆదేశించడంతో అప్పటి నియామకాలు రంగారెడ్డి, మహబూబ్‌నగర్ యూనిట్ల కిందే జరిగాయి. కొత్త జిల్లాను యూనిట్‌గా తీసుకున్నది 2024లోనే. కాబట్టి ‘స్థానికులను తీసుకున్నా ఫలితం రాలేదు’ అనేవారు ఆ ప్రయోగానికి ఇంకా వయసే రాలేదని గుర్తించాలి.

ఉర్దూ మీడియం సంగతి వేరుగా చెప్పాలి. తాండూరు, వికారాబాద్ పట్టణాల్లో ఉర్దూలో చదివే పిల్లలున్నారు. రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ మీడియం పోస్టులకు ఆ మీడియంలో చదివిన అభ్యర్థులు దొరకక అవి డీఎస్సీ తర్వాత డీఎస్సీ ఖాళీగానే మిగులుతున్నాయి. ఎంత కఠినమైన అర్హత పెట్టినా, ఎంత సడలించినా ఖాళీ కుర్చీ పాఠం చెప్పదు. రిజర్వేషన్ హక్కు పోకుండా ఆ పోస్టులను ఇతర మీడియాలకు మార్చి, ఉర్దూకు వేరే పోస్టులు మంజూరు చేయడమే న్యాయమైన మార్గమని నా అభిప్రాయం.

నా వాదన, దానికి ఎదురయ్యేవి

బీఈడీ, టెట్ మినహాయించమని నేననను. ‘ఇక్కడి పిల్లలు తెలుసా’ అన్న మూడో ప్రశ్నకు కూడా మార్కులు వేయాలంటున్నాను. డీఎస్సీకి మంజూరైన ఖాళీల్లో, నోటిఫికేషన్ ఆలస్యమయ్యే కాలానికి, బీఈడీ, టెట్ ఉన్న స్థానిక అభ్యర్థులను రోస్టర్ పాటిస్తూ రెండేళ్లకు మించకుండా తీసుకోవాలి. స్కూల్ అసిస్టెంట్ కనీస మూలవేతనం 42,300 ఇవ్వాలి. అదే సబ్జెక్టులో సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌ను, స్కూల్ కాంప్లెక్స్ స్థాయిలో, మార్గదర్శిగా పెట్టాలి. ఆ రెండేళ్ల పనిని తరగతిలో కూర్చుని చూసి మదింపు చేసి, టెట్‌కు ఇస్తున్న 20 శాతం వెయిటేజీలో కొంత భాగాన్ని దానికి మళ్లించాలి. నేరుగా ఎంపికైన కొత్తవారికీ ఇదే తోడ్పాటు ఉండాలి. దారి ఏదైనా తొలి రెండేళ్లు ఒకటే కావాలి.

ఇది దొడ్డిదారి అన్నది మొదటి అభ్యంతరం. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు నియమాలు పాటించని తాత్కాలిక నియామకాలను క్రమబద్ధీకరించడం తగదని చెప్పింది. నేను చెప్పేది క్రమబద్ధీకరణ కాదు. పోటీ పరీక్ష ఉంటుంది, ఖాళీ మంజూరైనదే, రోస్టర్ ఉంటుంది, అనుభవానికి కొన్ని మార్కులు మాత్రమే కలుస్తాయి. మదింపులో పక్షపాతం వస్తుందన్నది రెండోది. వచ్చే అవకాశం ఉంది, అందుకే మార్కులు ప్రధానోపాధ్యాయుడి ఒక్కరి చేతిలో ఉండకూడదు. వేరే మండలం నుంచి వచ్చినవారూ, డైట్ అధ్యాపకులూ కలిసి చూడాలి. వికారాబాద్‌లో డైట్ ఉన్నది ఇలాంటి పనికే.

మూడో అభ్యంతరమే నాకు బరువైనదిగా తోస్తుంది. ప్రభుత్వానికి ఇలాంటి ఏర్పాటు దొరికితే డీఎస్సీ వేయడమే మానేస్తుందని సంఘాలు భయపడతాయి. ఆ భయం ఉత్తిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో డీఎస్సీలో ఎంపికైన కొన్ని బ్యాచ్‌లను అప్రెంటిస్ పేరుతో కొంతకాలం స్థిర వేతనం మీద ఉంచారు. నేర్పించడం పేరుకే, అసలు ఉద్దేశం జీతం మిగుల్చుకోవడం. 398 రూపాయల కాలం నుంచి 12,000 దాకా ప్రతి తాత్కాలిక ఏర్పాటూ చౌకదనంతోనే మొదలైంది. అందుకే పూర్తి మూలవేతనం అన్న షరతును నేను బేరం పెట్టను. తాత్కాలిక టీచరుకు, శాశ్వత టీచరుకు ఖజానా మీద పడే భారంలో తేడా తగ్గితే నోటిఫికేషన్ వాయిదా వేయడంలో ప్రభుత్వానికి లాభమూ తగ్గుతుంది. ఈ షరతు లేకపోతే నా ప్రతిపాదన వద్దనే నేనంటాను.

తేలనివి

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సర్వీసులో ఉన్నవారినీ టెట్ పరిధిలోకి తెచ్చింది. పదవీ విరమణకు ఐదేళ్లకు పైగా ఉన్నవారు రెండేళ్లలో టెట్ గట్టెక్కాలి. ఐదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గాని టెట్ లేకుండా పదోన్నతి లేదు. మైనారిటీ విద్యాసంస్థల సంగతి విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. 70 శాతం పోస్టులు పదోన్నతులతో నిండే చోట ఈ తీర్పు బరువు ఎక్కువ. ఇరవై ఏళ్లుగా ఎస్‌జీటీగా ఉండి హైస్కూలుకు వెళ్లాల్సిన మనిషి ఇప్పుడు శిశువికాసం, తనది కాని సబ్జెక్టు ప్రశ్నలు చదువుతున్నారు. ఆ పరీక్షను వారు చెప్పబోయే పదో తరగతి పాఠ్యాంశం మీద పరీక్షగా మార్చే అధికారం ఎవరికుందో, ఎన్‌సీటీఈకా రాష్ట్రానికా, తేలాలి.

టెట్‌ను అన్ని స్థాయిలకూ విస్తరిస్తామని జాతీయ విద్యావిధానం అన్నది. తొమ్మిది, పది తరగతులకు ప్రత్యేకమైన పరీక్ష వస్తే సబ్జెక్టు కొలత కొంత మెరుగుపడవచ్చు. ఏడాది బీఈడీ తిరిగొస్తే డిగ్రీతోనే రెండేళ్లు చదివినవారికి, నాలుగేళ్ల కోర్సువారికి, పీజీ చేసి ఏడాదిలో ముగించినవారికి డీఎస్సీలో ఒకే విలువ ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న. ప్రైవేటు హైస్కూళ్ల మాట ఈ చర్చలో దాదాపు రాదు. తాండూరు పట్టణంలో ఫీజు కట్టి చదివే పిల్లల టీచరుకు బీఈడీ ఉందో లేదో తనిఖీ చేసేదెవరో, చేయకపోతే జవాబుదారీ ఎవరో చట్టంలో ఉన్నంత స్పష్టంగా ఆచరణలో లేదు. ఇవన్నీ తేలడానికి ముందు విద్యాశాఖ చేయగల పని ఒకటుంది. వచ్చే పదో తరగతి ఫలితాలతో పాటు, ప్రతి మండలంలో ఏ సబ్జెక్టు టీచరు ఏ మార్గంలో వచ్చారు, ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎన్ని నెలలు ఆ పోస్టు ఖాళీగా ఉంది అన్న లెక్కలు పేర్లు లేకుండా ప్రచురించవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా విద్యాధికారి కార్యాలయంలో ఉండే సర్వీసు రికార్డులు చాలు.